కుడి మూల

పోలరాజు ఆ ప్రింటు కూడా చింపేశాడు. కడిగే మందు మార్చినా, కాగితం మార్చినా పెళ్ళి ఫోటోలో కుడి మూల తెల్లగా పాలిపోయే వస్తోంది. స్టూడియో చీకటి గదిలోంచి తల బయటపెట్టి, అక్క వరసలో పిలిచి అడిగాడు.

"అప్పా, ఈ సివర నిలబడ్డది ఎవులు?"

"నానే బాబూ," అంది బల్ల మీద కూర్చున్న దాలమ్మ. "ఒగ్గీ. మా తమ్ముడూ మరదలూ బాగానే పడ్డారు గదా."

అమ్మానాన్నా పోయాక ఆ తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. ఆవిణ్ణి అలా వదిలేయడానికి పోలరాజుకు మనసొప్పలేదు. ఫోటోను పెద్దది చేసే ఎన్‌లార్జర్ మూత తీసి చూస్తే లోపలి బల్బు ఓ పక్కకు ఒరిగి ఉంది. దాన్ని మధ్యకు జరిపి, వెలుగు నాలుగు మూలలా సమంగా పడుతోందని చూసుకుని మళ్ళీ ప్రింటు వేశాడు. ఈసారి దాలమ్మ ముఖం చక్కగా తేలింది. తడి ఫోటోను సంబరంగా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

ఆమె చాలాసేపు చూసింది.

"నవ్వుతన్నాననుకున్నాను బాబూ ఆయేల."

సంబరంలో పోలరాజు అప్పటిదాకా గమనించలేదు. ఫోటోలో దాలమ్మ కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"తమ్ముడు పెళ్ళాంతో అంత దూరం గోవింద్‌పూర్ పోతన్నాడు. ఇది సూత్తే నానొక్కదాన్నే ఉండిపోనానని దిగులెట్టుకుంటాడు. మళ్ళా ఆ తెల్లదే తియ్యి."

"ఇంత బాగా వచ్చింది గదప్పా!"

"నువ్వు సూసేవు గదా, సాల్లే."

పోలరాజు చీకటి గదిలోకి వెళ్ళి, బల్బును మళ్ళీ పక్కకు వంచాడు.