కొత్తమ్మ

“ఈవిడ మా అమ్మ కాదు!”

డైలాగుల్లో లేని మాట అది. ఆ మాట అనేసి పాప సోఫా వెనక దూరింది. డైరెక్టర్ “కట్!” అని అరిచి నెత్తి కొట్టుకున్నాడు. పొద్దుటి నుంచీ ఇదే వరస.

గుమ్మంలో చేతులు చాచి నిలబడ్డ కొత్త నటికి ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నాళ్లూ ఈ సీరియల్లో పాపకి తల్లిగా వేసినావిడ సినిమా అవకాశం రాగానే వెళ్లిపోయింది. ఇంకేముంది, కథలో తల్లికి ప్రమాదం జరిగింది, ఆపరేషన్‌తో ముఖం మారిపోయింది. ఆ తల్లి ఇంటికి తిరిగొచ్చే సీను ఇది. పాప ఆమె గొంతు గుర్తుపట్టి, పరిగెత్తుకొచ్చి వాటేసుకోవాలి.

డైరెక్టర్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “చూడమ్మా, పాప నమ్మితే జనం నమ్ముతారు. లేదంటే నేను చేసేదేమీ లేదు. అదిగో, ఛానెల్ వాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు.”

“ఇంకొక్కసారి చూద్దాం సార్,” అంది కొత్త నటి. ఈ వేషం పోతే మళ్లీ హీరోయిన్ వెనకాల ట్రే పట్టుకుని నిలబడే వేషాలే గతి.

పాపకి తోడొచ్చిన పిన్ని బుజ్జగించింది. చాక్లెట్ చూపించింది. చివరికి గిల్లింది కూడా. పాప ఇంకా లోపలికి ముడుచుకుపోయింది.

“మీరుండండి,” అని కొత్త నటి సోఫా వెనక్కి వెళ్లి నేలమీద చతికిలబడింది. పాతావిడ కొలతలకి కుట్టిన బట్టలు. వదులుగా ఉన్నాయని వీపున పిన్నీసులతో బిగించారు. అందులో ఒకటి ఊడింది.

“అబ్బా!”

పాప తలెత్తింది. “గుచ్చుకుందా?”

“ఊఁ. నా బట్టలు కావుగా మరి.”

“తెలుసు. అమ్మవి.” పాప మెల్లగా అడిగింది. “నువ్వు కూడా వెళ్లిపోతావుగా?”

సాయంత్రానికి తను ఉంటుందో ఊడుతుందో తనకే తెలియదు. నోటికొచ్చిన అబద్ధం చెబితే పనైపోతుంది. ఆ కళ్లు చూశాక ఆమె ఆ పని చేయలేకపోయింది.

“వాళ్లు పొమ్మంటే నా చేతుల్లో లేదు కన్నా. నా అంతట నేను మాత్రం నిన్ను వదిలి పోను.”

పాప ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత లేచి, గౌను దులుపుకుని, వెళ్లి తన చోట నిలబడింది.

“యాక్షన్!”

“చిట్టితల్లీ...” ఆమె గొంతు వణికింది. అది నటనో భయమో ఆమెకే తెలియలేదు.

“అమ్మా!” పాప ఒక్క పరుగున వచ్చి మెడకి చుట్టుకుంది. వెక్కి వెక్కి ఏడ్చింది. లైట్లు పట్టుకున్నవాడు చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. ఛానెల్ వాళ్లు లేచి చప్పట్లు కొట్టారు.

కట్ చెప్పినా పాప దిగలేదు. భోజనం ఆమె చేత్తోనే తిని, ఆమె భుజం మీదే కునుకు తీసింది.

డైరెక్టర్ చేతులు నలుపుకుంటూ వచ్చాడు. “గట్టెక్కాం అమ్మా! ఛానెల్ వాళ్లు సరేనన్నారు. ఇక మీకు ఢోకా లేదు.”

ఆమె పాప తల నిమిరింది. “అంతా పాప చలవే సార్.”

“అవునవును. మీకు అంత చేరికైంది కాబట్టే ఒక చిన్న సాయం అడుగుతున్నా.” నిద్రపోతున్న పాప వంక చూసి గొంతు తగ్గించాడు. “రేపటి నుంచి కథ పదేళ్లు ముందుకి దూకుతోంది, పాప వేషానికి కాలేజీ పిల్లని తీసుకున్నాం. వాళ్ల పిన్ని తన వల్ల కాదంటోంది... ఆ మాటేదో మీరే చెప్పండి, అమ్మ చెబితే వింటుంది.”