ఇండిపెండెంట్ అమ్మమ్మ

బుజ్జమ్మా,

మొన్న నాతో ఫోన్లో మాట్లాడుతూ పక్కనున్న నీ స్నేహితురాలితో "మా అమ్మమ్మ భలే ఇండిపెండెంట్" అన్నావు. తప్పు. ఒకరి మీద ఆధారపడని మనిషిని అలా అంటారు. ముప్ఫై ఏళ్లు బడిలో ఆ మాటకు అర్థం చెప్పినదాన్ని నేను. పక్కన ఎవరూ లేని మనిషికి ఆ మాట వాడరు.

నిన్న కంటి ఆపరేషన్‌కు వెళ్లాను.

"మామ్మగారూ, తోడెవరొచ్చారు?" అంది నర్సు.

"నేనే వచ్చాను."

"మీకు మీరే తోడైతే సంతకం ఎవరు పెడతారండీ?" అని నవ్వి ఇంటికి పంపేసింది. ఇది రెండోసారి. మూడోసారికి ఆమె నన్ను గుర్తుపడుతుంది. నేనే ఆమెను గుర్తుపట్టలేనేమో.

వచ్చే సోమవారం ఎనిమిదింటికల్లా ఆసుపత్రి గేటు దగ్గరుండు. పెన్ను తెచ్చుకో; అక్కడిది గీస్తుంది తప్ప రాయదు.