వెల్లుల్లి వేయని సూప్

యజమానులారా, మీరే చేశారు ఇదంతా. ఫ్యాక్టరీలో గ్యాసు పైపుకి చిల్లు పడితే మోగాల్సిన అలారం మూగబోయి ఏడాది దాటింది. బాగుచేయించడానికి మీకు చేతులు రాలేదు. పైపుల వెంట ఒక మనిషిని నడిపించి వాసన చూడమన్నారు. అంతటితో మీ పూచీ తీరిపోయింది. జనం ఆ మనిషికి ‘ముక్కు’ అని పేరు పెట్టుకున్నారు.

ఆ గ్యాసు మొదట కుళ్ళిన గుడ్డు కంపు కొడుతుంది. కాస్త ఎక్కువైతే కంపు తెలియదు. ఇంకాస్త ఎక్కువైతే మనిషే మిగలడు. ఫ్యాక్టరీ గోడ అవతలే కార్మికుల ఇళ్ళు. ఉయ్యాల్లో పిల్లలతో సహా ఆ వరసంతా ఒక్క ముక్కుని నమ్ముకుని నిద్రపోతోంది.

ఆ ముక్కు ఉండేది ఈ ఇంట్లోనే.

పోయిన నెల మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ జ్వరం తగిలింది. పక్షం తిరక్కుండా ఇద్దరూ లేచి తిరిగారు. ముక్కు మాత్రం లేచిందో లేదో తెలియడం లేదు. పోయిందని బయటపడితే నోటి దగ్గర కూడు పోతుంది. ఉందని నమ్మి పొరబడితే వీధి వీధంతా పోతుంది. ఆ భయం ఆమెను నాలుగు రోజులుగా కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

అందుకే ఆమె ఇవాళ సూప్ పెట్టింది. అతనికి ప్రాణమైన సూప్. హంగులేం లేవు. బంగాళాదుంపలు, ఒక క్యారెట్, ఒక ఉల్లిపాయ, గుప్పెడు పప్పు, మిరియాలు. మెత్తగా ఉడికాక నూనెలో ఎర్రగా వేయించిన వెల్లుల్లి వేస్తే చాలు, దానికి జీవం వస్తుంది.

ఇవాళ వెల్లుల్లి వేయలేదు. కావాలనే.

ఉల్లిపాయ కోస్తుంటే కళ్ళమ్మట నీళ్ళు కారాయి. కళ్ళకేం, భేషుగ్గా పనిచేస్తున్నాయి. కళ్ళతో ఎవరికి పని?

అతను బల్ల దగ్గర కూర్చుని చెంచాతో దరువేస్తున్నాడు.

“ఏమే, సూప్ పోస్తావా, సూప్ కథ చెప్పి పడుకోబెడతావా?”

ఆమె నవ్వలేదు. గరిటె చేతిలోనే ఉంది, కలపడం మర్చిపోయింది. అతని ముఖం వంకే చూస్తోంది. ఆ ముఖంలో నిజం వెతకడం అంత తేలిక కాదు. పెళ్ళయిన కొత్తలో ఉప్పనుకుని చక్కెర వేస్తే, రెండోసారి వడ్డించుకుని తిన్న మహానుభావుడు. తిండికి వంక పెట్టడం ఆయన వంశంలోనే లేదు. అదే ఇప్పుడు చావుకొచ్చింది.

గిన్నె దించి, అడుగు దాకా గీకి అతని ముందు పోసింది.

అతను మొదటి చెంచా నోట్లో పెట్టుకున్నాడు. ఒక్క క్షణం ఆగాడు. మింగాడు.

“ఎలా ఉంది?”

“దివ్యంగా ఉంది.”

“వెల్లుల్లి సరిపోయిందా?”

“సరిపోవడమేంటి, ఘుమఘుమలాడుతోంది. వీధి చివర కుక్క కూడా లొట్టలేస్తుంటుంది.”

ఆమె బల్ల అంచు పట్టుకుంది.

“నేను వెల్లుల్లి వేయలేదయ్యా.”

చెంచా గాలిలోనే ఆగిపోయింది.

“నిన్నా ఇలాగే బాగుందన్నావు. మొన్నా ఇలాగే అన్నావు.”

“తినేటప్పుడు ఈ ఆరాలేంటే? ఇల్లా, పోలీసు స్టేషనా?” నవ్వబోయాడు. నవ్వు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది.

“ఎదురింటి బాలింత ఇంకా మంచం దిగలేదు. దాని పక్కన గుప్పెడంత బిడ్డ. ఆ ఇంటి వెనకే పైపు.” ఆమె గిన్నె అతని వైపు జరిపింది. “మొహమాటానికి ఒక్క మాటా చెప్పొద్దు. నా మీద ఒట్టేసి చెప్పు. దీంట్లో ఏం వాసన వస్తోంది?”

బయట షిఫ్టు సైరన్ మొదటి కూత కూసింది. ఆమె ఉలిక్కిపడింది. రెండో కూతకల్లా పైపుల దగ్గర ఉండాలి.

అతను గిన్నెలోకి చూసి చెంచా కింద పెట్టాడు.

“మాడు వాసన,” అన్నాడు. “ఇవాళే కాదు. జ్వరం తగ్గినప్పటి నుంచీ రోజూ ఏది వండినా అడుగంటుతూనే ఉంది. నీరసం, పరధ్యానం అనుకుని నోరు మూసుకుని తినేశాను, మాడిన గిన్నెలూ నేనే తోమేశాను.”

రెండో కూత మొదలైంది. అతను లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“ముక్కు పోయింది నీకే, ఈ వీధి నమ్ముకున్న ముక్కూ నీదే, నువ్వు డ్యూటీ ఎక్కొద్దు, పద, గేటుకి అడ్డంగా కూర్చుని ముందు ఆ గ్యాసు కట్టేయిద్దాం.”