గంట ఇచ్చిన గొర్రె

పన్నెండు గొర్రెల చిన్న మందను నడిపే ముసలి గొర్రె బొల్లి, తన మెడలోని గంట తీసి నల్లచెవి అనే పడుచు గొర్రెకు కట్టింది. "ఇక నువ్వే నడిపించు" అంది.

మంద దాటాల్సిన వాగులో నీళ్లు పెరుగుతున్నాయి. నల్లచెవి ఎడమవైపు రాళ్ల మీదుగా దిగింది. బొల్లికి మనసాగలేదు, అలవాటుగా కుడివైపు దిగింది. మందలో సగం గంట వెంట, సగం బొల్లి వెంట పోయాయి. నడుమ రాయి మీద ఓ గొర్రెపిల్ల ఎటు పోవాలో తెలియక అరుస్తోంది. నీళ్లు దాని మోకాళ్ల దాకా వచ్చాయి.

"పెద్దమ్మా, నా దారి తప్పా?" అని నల్లచెవి కేకేసింది.

"తప్పు కాదే. నాకు ఇటే అలవాటు."

"అయితే గంటైనా తీసుకో, నా వెనకైనా రా."

బొల్లి తన వెంట వచ్చినవాటిని ఎడమకు మళ్లించింది. పిల్లను మూతితో ముందుకు తోసింది. అన్నిటికన్నా చివర నడుస్తుంటే, ఆ గంట ఎంత దూరం వినిపిస్తుందో బొల్లికి అప్పుడే తెలిసింది.