ఉస్తాద్ పేరు

"హవల్దార్ అని వద్దు, పేరొక్కటే చెక్కు," అన్నాడు కుర్చీలో కూర్చున్న రిటైర్డ్ మేజర్ ప్రసన్నకుమార్. ఆయన యూనివర్సిటీ తరఫున వచ్చాడు. అబిడ్స్ దుకాణంలో ఫలకం చెక్కే మనిషి ఉలి ఆపాడు.

పద్మ భగ్గుమంది. "ఎందుకొద్దు సార్? ఇల్లమ్మి, పోయిన మా ఆయన పేరు మీద స్కాలర్‌షిప్ పెడుతున్న."

"కాబోయే ఆర్మీ ఆఫీసర్లకిచ్చేదమ్మా. కింది ర్యాంకు బాగుండదు."

"ఆ ఆఫీసర్లకు కవాతు నేర్పిందెవరు? అకాడమీల ఇరవై ఏండ్లు మా ఆయనే నేర్పిండు. వాళ్లు ఆఫీసర్లయిన రోజు, ఆ పోరగాండ్లకే ముందుగాల సెల్యూట్ కొట్టిండు. మీకు నేర్పినాయన పేరన్న యాదికున్నదా?"

మేజర్ ఆలోచించాడు. "ఉస్తాద్ అనేవాళ్లం... పేరెప్పుడూ అడగలేదు."

"గందుకే చెక్కిస్తున్న. హవల్దార్ శ్యామ్‌సుందర్ అని రెండూ చెక్కు తమ్మీ."

ఉలి మళ్లీ మోగింది. మేజర్ లేచి నిలబడ్డాడు. చెక్కడం పూర్తయ్యేదాకా కూర్చోలేదు.