సిరి పేరు రాసిన సీసా

మూర్ఛపోయిన ఆరేళ్ల సిరిని నాచారం దవాఖానాలో ఐసీయూలోకి తోసుకుపోయారు. రక్తపరీక్షలో మలేరియా ముదిరిందని తేలింది. తలుపు దగ్గర మేనమామ బోరున ఏడుస్తున్నాడు.

"నాలుగు దినాల కింద మలేరియా ఉమ్మి పరీక్షల ఏం లేదని మీరే చెప్పిన్రు గద మేడం. గది నమ్మే ఇంట్ల పండవెట్టిన," అంది తల్లి సాలమ్మ, ఉప్పల్ ల్యాబ్ నుంచి పరుగున వచ్చిన స్వర్ణలతతో.

స్వర్ణలత చిన్న సీసా చూపించింది. మూత మీద సిరి పేరుంది. లోపల ఉమ్మి ఎర్రగా ఉంది.

"పాప పాన్ నములుతుందా?"

"ఆరేండ్ల పోరికి పానేంది మేడం?"

"ఉమ్మిని పరీక్షించే మిషన్‌కి రంగు కనపడదు. ఇవాళ నేను తీసి చూస్తే మీ గల్లీ సీసాలు నలభై ఇట్లనే ఉన్నాయి. ఇల్లిల్లూ తిరిగి ఉమ్మి పట్టుకురావాల్సిన మా మనుషుల్లో ఒకడు బద్ధకించి తానే అన్నిట్లో ఉమ్మాడు. మీ ఇంటికి ఎవరొచ్చారు?"

'నువ్వు కంపెనీకి పో అక్కా, పిల్ల లేసినంక ఉమ్మి నేనే పట్టుకుంటలే' అన్న మాట సాలమ్మకు గుర్తొచ్చింది. తలుపు వైపు తిరిగింది. అక్కడ ఏడుపు ఆగిపోయింది. ఎర్రటి పెదాలను ఒక చెయ్యి గబగబా తుడుచుకుంటోంది.

"నా బిడ్డను ఒళ్లె కూసోవెట్టుకొని చెవులు కుట్టిచ్చినోడే మేడం," అంది సాలమ్మ. "నా తమ్ముడు తిరుపతి."