ముట్టుకోని ఇంజను

"దీనికి టర్బో బిగిస్తే నేను మాత్రం ఈ బండెక్కను. గుడ్లు మీరే దించుకోండి," అంది ఆవిడ.

ఆయన విననట్టే స్టీరింగు తుడుచుకుంటూ కూర్చున్నాడు. పెళ్లయినప్పటి నుంచీ ఆయనది అదే వరస. ఎదురు చెప్పడు, అనుకున్నది మానడు.

అలాగని తప్పంతా ఆయనదే అనడానికీ లేదు. వాళ్లది చిన్న కోళ్లఫారం. అక్కడి గుడ్లలో సగానికి పైగా కొండమీది హాస్టల్‌కే వెళ్తాయి. పొద్దున టిఫిన్ గంట కొట్టేలోపు సరుకు వంటగదిలో ఉండాలి. పాత పికప్‌కేమో ఎత్తు కనిపిస్తే చాలు, ఆయాసం. సగం దారిలో రెండో గేరుకి, ఆ పైన ఒకటో గేరుకి దిగిపోయేది. దిగిన ప్రతిసారీ ఓ కుదుపు, కుదుపు కుదుపుకీ వెనక ట్రేల్లో గుడ్లు టపటపా పగలడం. వెనకొచ్చే బస్సు హారన్‌తో చెవులు చిల్లులు పొడిచి, చివరికి దాటిపోయేది.

"ఇంకోసారి లేటైతే వేరేవాళ్లకి చెప్పుకుంటాం," అని వార్డెన్ మొహమ్మీదే అనేశాడు. ఆ ఆర్డర్ పోతే ఫారానికి తాళం వేసుకోవడమే. ఇంజనుకి బలం పెంచే టర్బో ఒకటి బిగిస్తే బండి కొండ ఇట్టే ఎక్కేస్తుందని ఆయన ఆశ.

ఆవిడ భయం ఆవిడది. పెళ్లయిన కొత్తలో ఆయన కొత్త మోటార్‌సైకిల్ కొని, వెనక ఆవిడను కూర్చోబెట్టుకుని, దాని సత్తా చూపించబోయి తిన్నగా కాలవలోకి దించాడు. చెయ్యి విరిగింది ఆవిడకే. బండికి బలం పెరిగితే ఆయన కాలికి ఎక్కడలేని బలం వస్తుందని అప్పుడే తెలిసింది. అందుకే ఇప్పటికీ ఆయన పక్కన ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే కూర్చుంటుంది. మానేద్దామంటే ట్రేలు దించడానికి ఆయన నడుం వంగదు.

ఇంట్లో చెప్పి లాభం లేదనుకుని, ఆవిడ ఎవరికీ చెప్పకుండా మెకానిక్ షెడ్డుకి వెళ్లింది. మెకానిక్ ఓ లారీ కింద నుంచి తల బయట పెట్టాడు.

"రా అక్కా. కూర్చో."

"కూర్చోడానికి రాలేదు తమ్ముడూ. మీ బావగారు రేపు బండి తెస్తారు. ఆ తుక్కులారీలోంచి తీసిన టర్బో ఏదో బిగిస్తానన్నావటగా?"

"అవునక్కా. డబ్బులొద్దు, వారానికో ట్రే గుడ్లిస్తే చాలన్నాను."

"గుడ్లు తీసుకో, నేనేం అనను. ఇంజను మాత్రం ముట్టుకోకు. రెండ్రోజులు షెడ్డులో పెట్టుకుని, శుభ్రంగా కడిగి పంపించు. ఆయనతో మాత్రం బిగించాననే చెప్పు. నేనింకా కొన్నాళ్లు బతకాలి."

మెకానిక్ చేతులు గుడ్డకు తుడుచుకుని, "అలాగే అక్కా," అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆవిడ అనుకోలేదు. బతిమాలడానికి దారిపొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ వృథా అయిపోయాయి.

బండి తళతళలాడుతూ ఇంటికొచ్చింది. ఆయన బానెట్ నిమిరి, ఇంజను స్టార్ట్ చేసి, చెవి రిక్కించాడు.

"సౌండ్ విన్నావా? ఎంత మారిపోయిందో."

ఆవిడకు అదే పాత గురక వినిపించింది. "అవునండీ, భలే మారింది," అంది. నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి అంతా సవ్యంగా జరిగిపోయింది. కొత్త మోజు కదా, ఆయన ముందే లేచి బండి తుడుచుకుని సిద్ధంగా ఉండేవాడు. ముందే బయల్దేరితే ముందే చేరతారు, అందులో వింతేముంది అనుకుంది ఆవిడ. కొండ ఎక్కుతుంటే కుదుపుల్లేవు, గుడ్లు పగలడం లేదు. టర్బో ఉందన్న నమ్మకంతో ఒద్దికగా తోలుతున్నాడులే అనుకుంది. ఓ పొద్దున బస్సునే దాటేశారు. పాపం, బస్సు ముసలిదైపోయింది అనుకుంది.

ఆవిడ భయం కూడా చేత్తో తీసేసినట్టు పోయింది. బండిలో ఏమీ లేదని తెలిశాక ఇంకా భయం దేనికి? డాష్‌బోర్డు పట్టుకోవడం మానేసింది. కొండ దిగేటప్పుడు హాయిగా కునుకు తీసేది. మెలకువగా ఉన్నప్పుడైతే ఆయన్ని ఆటపట్టించేది కూడా.

"ఇంకాస్త తొక్కండి. టర్బో పెట్టించుకుని నత్తనడకేంటి?"

ఆయన ఆవిడ వంక ఓసారి చూసి ఇంకాస్త తొక్కేవాడు. గాలికి ఆవిడ జుట్టు చెదిరిపోయేది. పిచ్చి మానవుడు, నమ్మకంతోనే బండి నడుపుతున్నాడు అని ఆవిడకు జాలేసేది. కాస్త ముద్దుగా కూడా అనిపించేది.

వార్డెన్ కూడా మెత్తబడ్డాడు. ఏడాది పొడుగునా గుడ్లు మీవే అని ఖాయం చేసేశాడు. ఆ మధ్యాహ్నం ఆవిడ సంబరం పట్టలేక, మామూలు ట్రే కాక ఇంకో ట్రే పట్టుకుని షెడ్డుకి వెళ్లింది.

"ఇది నా తరఫున తమ్ముడూ. గుట్టు దాచావు, మా ప్రాణాలూ కాపాడావు. మీ బావగారు పాపం ఇప్పటికీ ఆ పాత ఇంజన్నే పట్టుకుని మురిసిపోతున్నారు."

మెకానిక్ ట్రే అందుకోలేదు. ఆవిడ మొహంలోకి చూడలేక చేతిలో స్పానర్‌ని అటూ ఇటూ తిప్పాడు.

"ఇది తింటే నాకరగదక్కా," అన్నాడు. "నువ్వు రావడానికి ముందురోజే బావగారొచ్చి, 'మీ అక్క వచ్చి ఇంజను ముట్టుకోవద్దంటుంది, సరేనని తలూపేసి నువ్వు టర్బో బిగించెయ్, అలాగైతేనే ఆవిడ నిశ్చింతగా బండెక్కుతుంది' అని చెప్పి వెళ్లారు."